పాఠం నడుస్తుంటే లేవద్దు

మా కాలేజీ మా అన్న దుకాణం పైన ఉండేది. కింద జనగామ బజారు. బెల్లం, చింతపండు, ఎండు మిరపకాయల టోకు వ్యాపారం. పైన రెండు గదులు, ఒక వరండా. మిర్చి బస్తాలు దించిన రోజు మొదటి పాఠమంతా దగ్గుతోనే గడిచేది. ఆ గదులకు కాలేజీ అని పేరు పెట్టుకున్నందుకు నవ్విన వాళ్లందరూ నాకు గుర్తున్నారు. బస్తాలు మోసేవాళ్లు ఎప్పుడూ నవ్వలేదు. నవ్వినవాళ్లంతా చదువుకున్నవాళ్లే.

కాలేజీ పెట్టింది పెద్దసారు. సర్కారు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. లంబాడీ తండాల నుంచి వచ్చిన పిల్లలు ఒకటో తరగతిలో నోరు మెదపకుండా కూర్చుని, ఆ తర్వాత మెల్లగా బడి మానేయడం ఆయన ఉద్యోగమంతా చూశారు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో వినే భాష ఇంకొకటి. ఆ పిల్లలకు చదువు చెప్పడం వేరే పని అని, ఆ పని నేర్పడానికి వేరే కాలేజీ కావాలని ఆయన పట్టుదల. మూడేళ్ల చదువు. మొదటి ఏడు జనగామలో మా గదుల్లో. రెండో ఏడు మహబూబాబాద్ వైపు తండాల్లో, అక్కడి పిల్లల మధ్య. మూడో ఏడు భూపాలపల్లి వైపు, టేకుమట్ల దగ్గరి పల్లె బళ్లలో. నేను ఎం.ఏ. పూర్తి చేసి, అన్న గల్లా పక్కన కూర్చోవడం ఇష్టం లేక మెట్లెక్కి పెద్దసారు దగ్గర పాఠాలు చెప్పడానికి చేరాను.

మేము ఏ యూనివర్సిటీ కిందా లేము. అనుబంధం కోసం అడిగితే వాళ్ల సిలబస్ తీసుకోమన్నారు, వాళ్ల పరీక్ష రాయించమన్నారు, కాలేజీని ఒక్క చోట కూర్చోబెట్టమన్నారు. పెద్దసారు ఒప్పుకోలేదు. హాల్లో కూర్చుని పేజీలు నింపినంత మాత్రాన, ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టి బడిలో ఉంచడం వస్తుందా అనేవారు. మేము అడిగింది ఒక్కటే: ఎలా ఉన్నామో అలాగే మమ్మల్ని గుర్తించండి. మా పిల్లల చేతికిచ్చే సర్టిఫికెట్‌ను డిగ్రీగా ఒప్పుకోండి.

ఈ ఒక్క మాట చెప్పడానికి ఎక్కిన మెట్లన్నీ నాకు గుర్తున్నాయి. యూనివర్సిటీలో ఒక సెక్షన్ ఆయన మా కాగితాలు చూసి, "ట్యూషన్ సెంటరా?" అన్నాడు. కాదన్నాను. "కుట్టుమిషన్ ట్రైనింగా?" అన్నాడు. పక్కాయన నవ్వాడు. ఆ పక్కాయన చొక్కా రంగు కూడా ఇప్పుడు చెప్పగలను. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆఫీసులో పెద్దసారును, నన్ను నిలబెట్టి మాట్లాడారు. గదిలో ఖాళీ కుర్చీలు ఉన్నాయి. అక్కడి అధికారి అడిగాడు.

"మీరు యూనివర్సిటీ కింద లేరు, బోర్డు కింద లేరు. మరి ఎవరి కింద ఉన్నట్టు?"

"ఎవరి కింద లేం సార్. దుకాణం పైన ఉన్నం," అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. "ఉన్నం కాదు, ఉన్నాం అనాలి. టీచర్లను తయారుచేస్తామంటున్నారు, ముందు మీరు సరిగ్గా మాట్లాడటం నేర్చుకోండి," అన్నాడు. పెద్దసారు నా మోచెయ్యి పట్టుకున్నారు. బయటికి వచ్చాక నేను ఆ గది తలుపు మీదున్న పేరు మళ్లీ ఒకసారి చదివి వచ్చాను. మరిచిపోకూడదని.

మా కాలేజీకి ఒక నియమం ఉండేది. పాఠం నడుస్తుంటే ఎవరొచ్చినా లేవకూడదు. సర్పంచ్ వచ్చినా, ఎమ్మెల్యే వచ్చినా, పెద్దసారే వచ్చినా. వచ్చినవాళ్లు తలుపు దగ్గర ఆగాలి. పాఠం అయ్యాక అందరూ లేచి దండం పెట్టాలి. పెద్దసారు లింగాల ఘనపూర్ దగ్గర ఒక బడిలో ఉన్నప్పుడు ఒక పొద్దున పిల్లలు లేవడం, కూర్చోవడంతోనే గడిచిపోయిందట. ముందు మధ్యాహ్న భోజనం చూడటానికి ఒకరు, తర్వాత ఓటర్ల లిస్టు పనికి ఒకరు, ఆ తర్వాత మైదానంలో మీటింగ్ పెట్టుకోవడానికి ఇంకొకరు. ఒక చిన్నపిల్ల అప్పుడే మొదటిసారి నోరు తెరిచి ఒక అక్షరం పలకబోయింది. ఎవరో గుమ్మంలోకి వచ్చారు. అందరూ లేచారు. ఆ పిల్ల మళ్లీ నోరు తెరవలేదు. అందుకే ఆ నియమం. మా దగ్గర చేరిన ప్రతివాళ్లూ మొదట నేర్చుకునేది అదే. మా అన్న ఒకసారి చాయ్ పంపుతూ తానే పైకి వచ్చి, ఎవరూ లేవకపోయేసరికి చాలా రోజులు మనసులో పెట్టుకున్నాడు. "నా ఇంట్ల నాకే లేవరు. మీ కాలేజీకి గుర్తింపు ఎట్లొస్తదిరా?" అన్నాడు.

మొదటి బ్యాచిలో ఒక అక్క ఉండేది. మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చింది. అందరికన్నా వయసులో పెద్దది కాబట్టి పిల్లలతో పాటు మేమూ ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. భర్త పనికోసం నగరానికి పోతూ వస్తూ ఉండేవాడు. నా పాఠాలన్నీ కలిపినా ఆమె ఒక్క పాఠానికి సరిపోవు. తండా బడిలో కుండతో నీళ్లు తెచ్చి పిల్లల మధ్యలో పెట్టేది. పిల్లలు "పాణి" అనేవాళ్లు. ఆమె కూడా "పాణి" అనేది. కాసేపు అందరూ పాణితో ఆడుకున్నాక, "నీళ్లు" అని మెల్లగా అనేది. వాళ్ల మాటను తీసేయకుండా దాని పక్కన ఇంకో మాటను కూర్చోబెట్టేది. మేము నేర్పాలనుకున్నది అదే.

రెండో ఏడు ఆమె వాళ్ల తండా బడిలోనే జీతం లేకుండా పాఠాలు చెప్పేది, నెలకోసారి జనగామ వచ్చి పోయేది. టీచర్ పోస్టులు పడబోతున్నాయని అందరూ అనుకుంటున్న రోజులవి. ఆమెకు వయసు దాటిపోతోంది. గుర్తింపు ఉన్న డిగ్రీ లేకపోతే పరీక్షకు కూడా కూర్చోనివ్వరు. ఒక సాయంత్రం వరండాలో నన్ను అడిగింది.

"సార్, మన కాలేజీకి గుర్తింపు వస్తదా?"

"వస్తది."

"ఎప్పుడొస్తది సార్? నా వయసు ఆగదు గదా."

నేను ఏం చెప్పానో గుర్తు లేదు. నాకు గుర్తు లేని విషయాలు చాలా తక్కువ.

అదే ఏడు ఒకరోజు ఊరి బయటి డిగ్రీ కాలేజీ కరస్పాండెంట్ మా మెట్లెక్కి వచ్చాడు. అతనిది గుర్తింపు ఉన్న కాలేజీ. మూడంతస్తులు, గేటు, గేటు మీద పెద్ద బోర్డు. అంతకు ముందు బజారులో ఎదురుపడితే నన్ను చూడనట్టు పోయేవాడు. ఆ రోజు చెప్పులు మెట్ల కిందే విడిచి వచ్చాడు. మా పాఠం నడుస్తోంది. తలుపు దగ్గర ఆగి అయ్యేదాకా నిలబడ్డాడు. అవసరం ఉన్నవాడికి మా నియమం కష్టం కాలేదు.

"సార్, మా గుర్తింపు చూడనీకి కమిటీ వస్తది," అన్నాడు పెద్దసారుతో. "మా పోరగాళ్లు కాయితం మీద మస్తుగున్నరు, బెంచీల మీద లేరు. ఒక్క పూట మీ పిల్లల్ని పంపున్రి. యూనిఫారాలు, కార్డులు మేమే ఇస్తం."

"గదేంది బాపూ, మాకు గుర్తింపే లేదు. మా పిల్లలు వచ్చి నీ గుర్తింపు నిలబెట్టాల్నా?" అన్నారు పెద్దసారు.

"అందుకే అంటున్న. కమిటీ చైర్మన్‌కే మీ ఫైలు గూడ పోతది. నేను జర మాట్లాడత."

తర్వాత నా వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వు గూడ రావాలె. ఒక క్లాసు చెప్పు. మా లెక్చరర్లు సగం మంది వేరే కాలేజీలల్ల గూడ పనిచేస్తున్నరు."

"ఒకేసారి రెండు కాలేజీలల్లనా?" అన్నాను.

"కాయితం మీద ఎన్ని కాలేజీలల్లనన్న ఉండొచ్చు తమ్మీ. మనిషే ఒక్కచోట ఉంటడు," అని నవ్వాడు.

నేను వద్దన్నాను. ఆ మాట పెద్దసారుకు చెప్పాను, మా అన్నకు చెప్పాను, వినేవాళ్లకూ విననివాళ్లకూ చెప్పాను. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. "ఆ అక్క వయసు పోతుందయ్యా," అన్నారు చివరికి. అంతే. నేను కూడా వెళ్లాను.

ఆ కాలేజీలో మా పిల్లలకు నీలం చొక్కాలు, మెడలో కార్డులు ఇచ్చారు. అక్క మెడలో వేసిన కార్డు మీద వేరే ఆడపిల్ల పేరు, వేరే ముఖం. "సార్, ఈ పిల్ల నా బిడ్డంత ఉంది," అని కార్డును తిప్పేసుకుంది. పెద్ద గది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మిర్చి వాసన లేదు. నేను పాఠం మొదలుపెట్టాను. మా పాఠమే. చెప్పగా చెప్పగా ఎక్కడున్నామో మరిచిపోయాను. పిల్లలు కూడా మరిచిపోయినట్టున్నారు.

కమిటీ గదిలోకి వచ్చింది. ఎవరూ లేవలేదు.

కరస్పాండెంట్ వెనక నుంచి చేతులు పైకి ఊపుతున్నాడు. "లెవ్వున్రి, లెవ్వున్రి" అని గొంతు రాకుండా పెదవులు కదుపుతున్నాడు. పిల్లలు అతన్ని చూసి, నన్ను చూశారు. నేను పాఠం ఆపలేదు. అక్క ఏదో ప్రశ్న అడిగింది, జవాబు చెప్పాను. చైర్మన్ తలుపు దగ్గర ఆగిపోయాడు. తెల్ల చొక్కా, బంగారు ఫ్రేమ్ కళ్లజోడు. పాఠం అయిపోయాక అందరూ ఒక్కసారిగా లేచి దండం పెట్టారు.

"ఇదెక్కడి పద్ధతి?" అన్నాడు చైర్మన్.

అక్క అంది, "మా కాలేజీల గంతే సార్. పాఠం నడుస్తుంటే లేవం."

"ఏ కాలేజీ?"

ఆమె చెయ్యి మెడలోని కార్డు మీదికి పోయింది. కరస్పాండెంట్ నవ్వుతూ, "మా పిల్లలు జర మొండోళ్లు సార్," అన్నాడు.

ఆ కాలేజీకి గుర్తింపు కొనసాగింది. కరస్పాండెంట్ తర్వాత మా మెట్లు ఎక్కలేదు. దుకాణం ముందు నిలబడి మా అన్నకు చెప్పి పోయాడట: "నీ తమ్మునికి చెప్పు. వాని పొగరుతోనే వాని కాలేజీ మునుగుతది." మా అన్న ఆ మాటను ఇంట్లో అందరూ అన్నం తింటున్నప్పుడు నాకు చెప్పాడు. ఈ రోజు మళ్లీ అదే జరిగితే నేను మళ్లీ పాఠం ఆపను. ఇది ఎవరికైనా చెబుతాను, అడిగినా అడగకపోయినా.

కొన్ని నెలలకు మా ఫైలు కదిలింది. కరస్పాండెంట్ మాట్లాడాడో లేదో తెలియదు. చూడటానికి ఆ చైర్మనే వస్తున్నాడని, మూడో ఏడు పిల్లలు ఉన్న టేకుమట్ల వైపు బడికే నేరుగా వస్తాడని చెప్పారు. నేను ముందు రోజే అక్కడికి చేరుకున్నాను. పెద్దసారు అంతకు ముందే వచ్చి ఉన్నారు. పిల్లలందరితో మాట్లాడి ఉన్నారు. నన్ను పక్కకు పిలిచారు.

"రేపు లేవమని చెప్పిన," అన్నారు.

"ఎవరికి?"

"అందరికి."

"నియమం మీదే గదా సార్."

"నాదే. అందుకే నేనే చెప్పిన. నువ్వు రేపు ఎనక నిలబడు, ఏం మాట్లాడకు."

ఆయనతో అన్నేళ్లున్నాను. నన్ను వెనక నిలబడమన్న మొదటి మాట అదే. ఆయన మీద కోపం రాలేదు. అప్పుడేమీ రాలేదు. బడి ముందు పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను. ఏరేవాళ్లు సాలు వెంట సాలు కదులుతున్నారు. చూస్తూ ఉండిపోయాను, చీకటి పడిందని తర్వాత తెలిసింది.

మర్నాడు అక్క పాఠం చెబుతోంది. చిన్నపిల్లలు ముందు వరసల్లో కింద కూర్చున్నారు. మా విద్యార్థులు గోడ పక్కన. నేను వెనక. ఆమె ఒక పిల్లను ముందుకు పిలిచి చేతికి సుద్దముక్క ఇచ్చింది. ఆ పిల్ల బోర్డు దగ్గర నిలబడి రాయడానికి చెయ్యి ఎత్తింది. అప్పుడే బయట కారు ఆగింది. చైర్మన్ గుమ్మంలోకి వచ్చాడు.

అందరూ లేచారు. మా విద్యార్థులు లేచారు, వాళ్లను చూసి చిన్నపిల్లలు లేచారు. అక్క పాఠం ఆపి రెండు చేతులు జోడించింది. బోర్డు దగ్గరి పిల్ల ఎత్తిన చెయ్యి దించి సుద్దముక్కను గౌను వెనక దాచుకుంది. పెద్దసారు కూడా లేచి నిలబడి ఉన్నారు. నేను ముందు నుంచే నిలబడి ఉన్నాను కాబట్టి నేను లేచానో లేదో ఎవరికీ తెలియదు.

"కూర్చోండి, కూర్చోండి," అన్నాడు చైర్మన్. సంతోషంగా ఉన్నాడు. గది చుట్టూ చూశాడు. కుండ చూశాడు, గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలు చూశాడు. అక్కను గుర్తుపట్టాడో లేదో, ఆమె ముఖం వైపు కాసేపు చూశాడు. పెద్దసారు భుజం మీద చెయ్యి వేసి అన్నాడు, "ఇప్పుడు కాలేజీలా ఉందండీ."

ఆ మాట నేను మరిచిపోలేదు. మంచి మాటే. అందరూ సంబరపడ్డారు. ఊరివాళ్లు కొబ్బరికాయలు కొట్టి నీళ్లిచ్చారు. చైర్మన్ తాగాడు. ఆ పిల్ల మళ్లీ బోర్డు దగ్గరికి రాలేదు. వాళ్లు వెళ్లిపోయాక అక్క పిలిచింది కానీ రాలేదు.

గుర్తింపు రాలేదు. వచ్చిన జవాబులో చాలా మెచ్చుకున్నారు. బోధన బాగుందన్నారు, క్రమశిక్షణ బాగుందన్నారు. క్రమశిక్షణ అన్న మాట దగ్గర పెద్దసారు ఆగి, మళ్లీ ఒకసారి బయటికి చదివారు. అయితే యూనివర్సిటీ బయట ఉన్న కాలేజీని కాలేజీగా గుర్తించే దారి నిబంధనల్లో లేదట. కాబట్టి దగ్గర్లో ఉన్న గుర్తింపు కాలేజీలో ఒక విభాగంగా కలిస్తే బాగుంటుందని సలహా. దగ్గర్లో ఉన్న గుర్తింపు కాలేజీ అంటే ఏదో వేరే చెప్పనక్కర్లేదు.

కరస్పాండెంట్ మళ్లీ మెట్లెక్కాడు. ఈసారి చెప్పులతోనే. పెద్దసారు ఒప్పుకున్నారు. పిల్లలందరినీ ఆ కాలేజీ పిల్లలుగా రాసుకున్నారు. పాత చదువును ఎలా లెక్కలోకి తీసుకున్నారో, ఏ పరీక్షలు రాయించారో నేను అడగలేదు. ఈసారి మెడలో కార్డుల మీద ఎవరి పేర్లు వాళ్లవే. అక్క డిగ్రీ పూర్తయింది, పరీక్షకు కూర్చుంది, పోస్టు వచ్చింది. నన్ను కూడా రమ్మన్నారు, లెక్చరర్‌గా. నేను పోలేదు. "ఇంక దేని కోసంరా ఈ మొండితనం?" అన్నాడు అన్న. గుర్తింపు కోసం అన్నాను. "వచ్చింది గదా?" అన్నాడు. పిల్లలకు వచ్చింది, మన కాలేజీకి రాలేదు అన్నాను. ఆయన గల్లా మూసి లోపలికి పోయాడు.

పెద్దసారు తర్వాత ఎక్కువ కాలం లేరు. దవాఖానలో చూడటానికి పోతే, "కోపమున్నదా?" అని అడిగారు. లేదన్నాను. అది నిజమే. ఏదన్నా ఉంటే బాగుండేది. "పై గదులల్ల ఇప్పుడేమున్నది?" అన్నారు. "మిర్చి" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని కొంచెంగా నవ్వారు. తర్వాత దగ్గారు.

నేను ఇప్పుడు అన్న దుకాణంలోనే ఉన్నాను. ఏడాదికోసారి పాత కాగితాల మీద కొత్త అర్జీ పెడుతూనే ఉన్నాను. బోర్డు లేని, పిల్లలు లేని, పెద్దసారు లేని కాలేజీకి గుర్తింపు ఇవ్వమని. మొన్న కౌంటర్ దగ్గరున్న అమ్మాయి, "అంకుల్, ఈ కాలేజీ ఇప్పుడు నడుస్తుందా?" అంది. ఆపిందెవరని అడిగాను. ఆమె తప్పు కాదు. కానీ అడిగాను.

ఈ మధ్య దుకాణం పని మీద మహబూబాబాద్ పోయి, తిరిగి వచ్చేటప్పుడు అక్క పనిచేసే బడి దగ్గర ఆగాను. చెప్పి పోలేదు. వరండాలోకి వచ్చేసరికి లోపల నుంచి పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి. "పాణి, పాణి." ఆమె గొంతు కూడా ఉంది వాటిలో. గుమ్మం ముందు ఆగాలనుకున్నాను. అలవాటు. కానీ ఒక అడుగు ఎక్కువ పడినట్టుంది, నా నీడ లోపల పడింది.

పిల్లలందరూ ఒక్కసారిగా లేచారు. "నమస్తే సార్!"

అక్క తిరిగి చూసింది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి ఆమె ముఖం మారింది. సుద్ద ఉన్న చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడింది.

"పాఠం నడుస్తున్నట్టుంది," అన్నాను.

"ఔ సార్." తల దించుకుంది. "ఇక్కడ రోజూ ఎవరో ఒకరు తనిఖీకి వస్తరు సార్. లేవకుంటె నాకు మెమో వస్తది."

"కూర్చోమను."

"కూసోన్రిరా," అంది పిల్లలతో. పిల్లలు నన్నే చూస్తూ నిలబడ్డారు. పెద్దలు కూర్చున్నాకే కూర్చోవాలని వాళ్లకు నేర్పి ఉన్నారు. ఎవరు నేర్పారో తెలుసు.

ఆమె బల్ల వెనక నుంచి ఉన్న ఒక్క కుర్చీని తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి నా ముందు వేసింది. "కూసోన్రి సార్. మీరు కూసుంటెనే వాళ్లు కూసుంటరు."

గది మధ్యలో కుండ ఉంది. దాని చుట్టూ పిల్లలు నిలబడి ఉన్నారు. ఒకడు ఒంటికాలి మీద ఊగుతున్నాడు. పాఠం ఆగిపోయి ఉంది. నేను కూర్చున్నాను.